ఆ బోర్డుకి నేను యాసిడ్ వాడలేదు

నేను వాడని యాసిడ్‌ను వాడానని పదిమంది ముందు చెప్పి, రేడియో లైసెన్సు పరీక్షకు పంపేవాళ్ళ జాబితాలోంచి నా పేరు కొట్టేశారు మా బావగారు. నేను వాడింది రజన్, ఫిడేలు కమానుకు రుద్దుకుంటారే, ఆ పసుపుపచ్చటి గాజులాంటి ముక్క. అది తప్ప మరొక చుక్క ఏదీ నా చేతి మీదుగా ఆ బోర్డుకు తగల్లేదు. ఈ మాట ఆ రోజు ఒక్కసారే చెప్పాను, ఎవరూ వినలేదు. ఆ తరువాత యాభై ఏళ్ళుగా చెబుతూనే ఉన్నాను, మా ఆవిడకు, నా దగ్గర రేడియోలు బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళకు, ఎవరూ లేనప్పుడు ఎదురుగా ఉన్న గోడకు కూడా.

కిందటి నెలలో ఇంట్లో చెదలు కనబడితే అటక మీది సామానంతా దింపించాను. ఒక రేకు పెట్టె అడుగున, పాత బెంగాలీ పేపరులో చుట్టి ఆ బోర్డు కనబడింది. ఎప్పుడో పారేశాననుకుంటున్నాను. అరచేయంత గోధుమరంగు చెక్క, ఒక పక్క ట్రాన్సిస్టర్లూ కాయిళ్ళూ, రెండో పక్క తీగలకు బదులు అతికించిన రాగి గీతలు. విప్పి తిప్పి చూసి అక్కడే నేల మీద కూర్చున్నాను. ఏం చూశానో చెప్పాలంటే ముందు ఆ రోజుల సంగతి చెప్పాలి, ఓపిక పట్టండి.

అవి డెబ్బైల మొదటి రోజులు. నాది తొమ్మిదో క్లాసుతో ఆగిపోయిన చదువు. శ్రీకాకుళం పక్క మా ఊళ్ళో గాలికి తిరుగుతున్న నన్ను మా అక్క ఖరగ్‌పూర్ తీసుకొచ్చి, ట్రాఫిక్ అనే పేటలోని తమ రైల్వే క్వార్టరులో పెట్టుకుని, మా బావగారి చేత అడిగించి లాంప్ రూములో పని ఇప్పించింది. మీలో రైల్వే వాళ్ళుంటే లాంప్ రూము వాసన ఈ పాటికి ముక్కుకు తగిలే ఉంటుంది. సిగ్నళ్ళకు, గార్డులకు, గేట్లకు వెళ్ళే కిరోసిన్ లాంతర్లన్నీ అక్కడికే వచ్చేవి. చిల్లుపడ్డ లాంతరును అతకడం నా పని. రేకు అతకాలంటే ముందు మురికి కొరికేయాలి, అందుకు యాసిడ్‌లో జింకు ముక్కలు వేసి, అది పొంగి పొంగి చల్లారాక ఆ నీళ్ళు కుంచెతో రాసేవాళ్ళం. చంపిన యాసిడ్ అనేవాళ్ళం దాన్ని. పేరుకే చంపినది, దాని పొగకు మా చొక్కా చేతులు చిల్లులు పడేవి.

మా బావగారు టెలికాం ఇన్‌స్పెక్టరు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, తోలు సంచీలో మీటరు. ఆ మీటరును అడగకుండా ఎవరూ ముట్టుకోకూడదు. కానీ మనిషి చెడ్డవాడని మాత్రం అనలేను, అనగలిగితే నాకు ఇన్నేళ్ళూ కాస్త సుఖంగా ఉండేది. నాకు మోర్సు, అదే టెలిగ్రాఫు టకటకల భాష, నేర్పింది ఆయనే. భోజనాల దగ్గర ఆయన చెంచాతో గ్లాసు మీద టకటకమని చారు కావాలని కొట్టేవారు, నేను వేలితో కంచం మీద అయిపోయిందని జవాబు కొట్టేవాణ్ణి. మా అక్క గరిటె పట్టుకుని మధ్యన నిలబడి, ఆ టకటకలేటి, దేవుడు నోరివ్వలేదేటి మీకు అని విసుక్కునేది. ఏం మాట్లాడుకున్నామో ఆమెకు చెప్పేవాళ్ళం కాదు, అదొక సరదా మాకు.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనకాల గదిలో ఆదివారాలు హామ్ రేడియో క్లబ్బు జరిగేది. మా బావగారే కార్యదర్శి. లైసెన్సు ఉంటే మనిషికి ఒక కాల్ సైన్ ఇస్తారు, నాలుగైదు అక్షరాల పేరు, ప్రపంచంలో ఇంకెవరికీ ఉండనిది. ఆ పేరు చెప్పుకుని గాలిలో ఎక్కడి మనిషితోనైనా మాట్లాడవచ్చు. నాకు అన్నం కన్నా ఆ అక్షరాలే కావాలి ఆ రోజుల్లో. లాంప్ రూములో నన్ను పేరుతో పిలిచినవాడు లేడు, ఏయ్ లాంపువాలా అనే పిలిచేవారు. డిక్షనరీ పక్కన పెట్టుకుని ఇంగ్లీషు రేడియో పుస్తకాన్ని రోజుకు అర పేజీ చొప్పున ఏడాదిన్నర చదివాను.

ఆ ఏడు క్లబ్బుకు ఆరు రిసీవరు కిట్లు పార్సిల్‌లో వచ్చాయి. అప్పటిదాకా మేము తీగలతో కట్టిన సెట్లే చూశాం, రాగి గీతలున్న బోర్డు చూడడం అందరికీ అదే మొదలు. సెట్టు ఎవరు బాగా కడితే వాళ్ళను పరీక్షకు పంపుతామన్నారు. నాకొక కిట్టు ఇవ్వాలా అన్నదాని మీద రెండు ఆదివారాలు చర్చ జరిగింది, మా బావగారే ఇప్పించారు. యాసిడ్ మాత్రం ముట్టుకోకు, రాగిని తినేస్తుంది అని ఆయన చెప్పక ముందే నేను పుస్తకంలో చదివి ఉన్నాను. గోల్ బజారులో వెతికి రజన్ కొన్నాను. బావగారి చిన్న సోల్డరింగ్ ఐరన్ అడిగి తెచ్చుకుని, పద్దెనిమిది రోజులు, డ్యూటీ దిగిన సాయంత్రాలన్నీ దాని మీదే కూర్చున్నాను. అతుకులు ఒక్కొక్కటీ ఆవగింజల్లా కుదిరాయి.

ఆరింటిలోనూ ముందు పలికింది నాది. ఎవరో ఒకాయన, ఎక్కడో, తన కాల్ సైన్ చెప్పి అక్కడ వాన పడుతోందన్నాడు. హెడ్‌ఫోను ఒక్కటే ఉండేది. నేను విన్నాను, బావగారు విన్నారు, ఆయన మళ్ళీ విన్నారు. మా అక్క చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి, నాకూ ఓపాలి పెట్టరా అంది. రేపు పెడతానులే అక్కా అన్నాను. మర్నాడు క్లబ్బువాళ్ళొచ్చారు, ఆ మర్నాడు ఇంకెవరో.

తరువాత విశ్వకర్మ పూజ వచ్చింది. ఖరగ్‌పూర్‌లో ఆ పూజ ఎలా ఉండేదో వేరే చెప్పాలా, వర్క్‌షాపు గేట్లు తీసేసి ఊరంతా లోపలికి వెళ్ళి చూసే రోజు అది. షెడ్డుకొక విగ్రహం, లేత్‌కు దండ, సుత్తికి బొట్టు. నేను తెల్లవారింది మొదలు లాంప్ రూము పూజ పనుల్లో ఉండి, మధ్యాహ్నానికి ఇంటికి వచ్చేసరికి మా అక్క కూడా పీట వేసి ఇంట్లోని పనిముట్లన్నీ పేర్చి ఉంచింది. కుట్టుమిషను తల, కత్తిపీట, బావగారి మీటరు, ఐరన్, వాటి నడుమ నా బోర్డు. అన్నీ మెరుస్తున్నాయి. బోర్డు మూలన కుంకుమ బొట్టు పెట్టింది. నా బోర్డుకు దేవుడి ముందు పీట వేసిన మనిషి ఈ ఊళ్ళో మా అక్క ఒక్కతే అనుకుని పొంగిపోయాను తప్ప, మరొక ఆలోచన రాలేదు. ఆ సాయంత్రమే లాంతరు రేకుతో చేసిన పెట్టెలో బోర్డు బిగించి మూత వేశాను.

రెండు మూడు వారాలు బాగానే పలికింది. ఆ తరువాత మొదలయింది రోగం. పొద్దున్న చెమ్మలో మూగ, మధ్యాహ్నం ఎండకు మాట. మూత నొక్కితే పలుకుతుంది, వదిలితే ఆగుతుంది. మూతను పూర్తిగా విప్పకుండానే పక్క నుంచి స్క్రూడ్రైవరు దూర్చి, చివరి ట్రాన్సిస్టరు నుంచి వెనక్కి ఒక్కొక్కదాన్ని తాకుతూ వెళ్ళేవాణ్ణి. బాగున్నంత మేర హెడ్‌ఫోనులో టక్కుమంటుంది, ఎక్కడ టక్కు ఆగిపోతే తప్పు అక్కడ. మూడో ట్రాన్సిస్టరు దగ్గర ఆగితే బోర్డు తిరగేయకుండా పైనుంచే దాని కాళ్ళకు ఐరన్ ఆనించి మళ్ళీ అతికాను, పలికింది. రెండు రోజులకు కాయిలు దగ్గర ఆగింది. అది సరిచేస్తే మొదటి దగ్గర. నా అతుకులనే అనుమానించాను, పార్టులను అనుమానించాను. రాగి గీత తెగుతుందని, అదీ వెంట్రుకవాసి పగుళ్ళుగా తెగుతుందని నాకు తట్టలేదు. తీగ తెగడం చూసినవాణ్ణి, గీత తెగడం ఎక్కడ చూశాను? బావగారిని అడిగితే సరిపోయేది. అడిగితే లాంపువాలా చేతకానితనం అవుతుందని అడగలేదు.

సెట్లన్నీ వినిపించే ఆదివారం రానే వచ్చింది. ప్రేమ్ బజార్ వైపు కాలేజీ నుంచి రేడియో చెప్పే మేష్టారొకాయన వచ్చి కూర్చున్నారు. నాకన్నా ముందు మూడు సెట్లు పలికాయి. నాది ఒక్కసారి ఈలవేసి ఆగిపోయింది. మూత నొక్కాను, తట్టాను, మళ్ళీ నొక్కాను. బావగారు లేచి వచ్చి, నన్ను పక్కకు జరిపి, నాలుగు స్క్రూలూ విప్పి బోర్డు తిరగేశారు. రాగి గీతల మీద ఆకుపచ్చటి పొడి. నేనూ చూడడం అదే మొదలు.

ఆయన నా ముఖం వైపు చూడలేదు. మేష్టారి వైపు తిరిగి అన్నారు.

"లాంతర్ల యాసిడ్ సార్ ఇది. ఒద్దని సెప్పినాను. సెయ్యి అలవాటు పడిపోయినాది, మానలేదు."

"రజనే వాడినాను బావా," అన్నాను.

గదిలో ఎవరో నవ్వారు. క్లబ్బులో ఒక బెంగాలీ గుమాస్తా ఉండేవాడు, నన్ను తమ్ముడిలాగే చూసేవాడు, అతడే నా భుజం తట్టి, భాయ్, తుమి లాంపే జ్వాలావ్ అన్నాడు. నువ్వు దీపాలే వెలిగించుకో అని. నన్ను నవ్వించి తేలిక చేద్దామనే అన్నాడేమో, నాకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. బావగారు జేబులోంచి పెన్ను తీశారు. జాబితాలో నా పేరు మీద గీత పడడం కళ్ళారా చూశాను. నా బోర్డు మీద ఎన్ని గీతలు తెగినా ఆ గీత మాత్రం ఇప్పటికీ తెగలేదు.

వారం తిరక్కుండా పెట్టె సర్దుకుని ప్రేమ్ బజార్‌లో ఒక గదికి మారిపోయాను. మా అక్క గుమ్మంలో నిలబడి ఏదో చెప్పబోయింది, నేను చెప్పనివ్వలేదు. క్లబ్బు మొహం మళ్ళీ చూడలేదు. బావగారు ఒకసారి లాంప్ రూముకు వచ్చారు. కిటికీ అవతల నిలబడి, నేను తల ఎత్తకపోయేసరికి పెన్ను తీసి కిటికీ రేకు మీద టకటకమని కొట్టడం మొదలుపెట్టారు. మోర్సని తెలుస్తూనే ఉంది. వినదలచుకోలేదు. చేతిలో ఉన్న లాంతరు మీద సుత్తి వేసి, ఆయన కొట్టినంతసేపూ నేనూ కొట్టాను. కొంతసేపటికి వెళ్ళిపోయారు.

తరువాత నేను రేడియో దుకాణం పెట్టుకున్నాను. సాలువా క్యాంపు పోలీసుల ట్రాన్సిస్టర్ల నుంచి పూజారిగారి పెట్టె రేడియో దాకా ఈ చుట్టుపక్కల నా చెయ్యి పడనిది లేదు. కాల్ సైన్ మాత్రం రాలేదు. ఇంకెవరి ద్వారానైనా పరీక్షకు వెళ్ళవచ్చుగా అని మీరడుగుతారు. వెళ్ళవచ్చు. కానీ యాసిడ్ వాడలేదని బావగారు తన నోటితో అన్నాకనే వెళ్తానని పట్టుపట్టి కూర్చున్నాను. ఆయన రిటైరై విజయనగరం వెళ్ళారు, అక్కడే పోయారు. వెళ్ళాను, పదకొండు రోజులూ ఉన్నాను, అక్క పక్కనే కూర్చున్నాను, ఆ మాట మాత్రం ఎత్తలేదు.

ఇక కిందటి నెలకు వస్తాను. దుకాణంలో వాడిన కంటి అద్దం ఇంకా ఉంది, అది పెట్టుకుని బోర్డును కిటికీ దగ్గర పట్టుకున్నాను. యాసిడ్ వాడి ఉంటే ఆకుపచ్చ అతుకుల చుట్టూ ఉండాలి, ఐరన్ పెట్టిన చోటే యాసిడ్ పెడతారు గనక. నా అతుకుల చుట్టూ కన్నా, అతుకన్నదే లేని చోట ఎక్కువ ఉంది. ఐరన్ ఎన్నడూ పోని మూలల్లో, స్క్రూ బెజ్జాల దగ్గర, ఖాళీ గీతల పొడవునా. రాగి మీద సన్నటి గీరలు, అన్నీ గుండ్రంగా, చెయ్యి తిప్పి తిప్పి తోమినట్టు. మూడో ట్రాన్సిస్టరు కాలి కింద ఒక నార పోగు ఇరుక్కుని ఉంది. సూదితో లాగి అరచేతిలో పెట్టుకున్నాను. కొబ్బరి పీచు.

మన ఇళ్ళల్లో రాగి చెంబును ఎలా తోముతారో మీలో తెలియనివాళ్ళు లేరు. పండగైతే మరీను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పని అది, రోజూ చూసేది కంటికి ఆనదు కాబోలు. విశ్వకర్మ పూజ నాటి ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందని యాభై ఏళ్ళలో ఒక్కసారీ నన్ను నేను అడగలేదు. పోగు కింద పడకుండా గుప్పిట మూసుకుని కిటికీ దగ్గరే కూర్చున్నాను. మా ఆవిడ వచ్చి ఏటైనాది, ఒంట్లో బాగోలేదేటి అని నుదురు తాకి చూసింది.

అక్కకు ఎనభై దాటింది, విజయనగరంలో కూతురి దగ్గర ఉంటోంది. ఇద్దరికీ చెవులు అంతంత మాత్రమే, ఫోనులో కుదరదు. ఉత్తరం రాశాను. నింద వేయలేదు. ఆ పూజనాడు నా బోర్డును ఏం చేశావో గుర్తుందా అని మాత్రం అడిగాను.

జవాబు కోసం చూసిన ఆ పది రోజుల్లో ఒకసారి లాంప్ రూము ఉన్న వైపు నడిచి వెళ్ళాను. గోడలు కూడా లేవు. సిగ్నళ్ళకు లాంతర్లు మోసుకెళ్ళేవాళ్ళుండేవారని చెబితే అక్కడి కుర్రాళ్ళు మర్యాదకు తల ఊపారు. ఇప్పుడు బోర్డు మీద పార్టులు నువ్వుగింజలకన్నా చిన్నవి. తప్పు ఎక్కడుందని ఎవరూ వెనక్కి వెనక్కి తాకుతూ వెళ్ళరు, బోర్డే తీసి కొత్తది పెడతారు. హాయిగానే ఉన్నట్టున్నారు. మాకు మాత్రం టక్కు ఎక్కడ ఆగిందో కనుక్కోనిదే నిద్ర పట్టేది కాదు, కనుక్కున్నామనుకుని తప్పు చోట అతికేసి జీవితమంతా దాని మీదే కూర్చున్నవాళ్ళమూ ఉన్నాము.

ఉత్తరం మొన్న గురువారం వచ్చింది. మా అక్క మాట్లాడినట్టే రాస్తుంది. నాలుగుసార్లు చదివాను. ఇంత కోపం ఇన్నాళ్ళు మోసినవాణ్ణి, ఇప్పుడు దాన్ని ఎవరి గుమ్మంలో దించాలో తెలియడం లేదు. ఒక్క అక్షరం మార్చకుండా ఇక్కడ రాస్తున్నాను.

"తమ్ముడూ, గుర్తు లేకేటి. పూజకని సింతపండు, ఉప్పు వేసి పీచుతోటి నేనే తోమినాను. మాపు మరకలుండేవి, పోయీ దాకా తోమి, కడిగి ఎండలో పెట్టినాను. దేవుడి చెంబుకన్నా బాగా మెరిసినాది. నువ్వు చూసి నవ్వినావు, అదీ గుర్తే. ఆ ఆదివారం మీ బావ ఇంటికొచ్చి, బోర్డుకి నువ్వేటైనా రాసినావేటే అని అడిగినారు. సెప్పినాను. ఆయన అన్నం ముట్టలేదు. మళ్ళీ ఆదివారం అందరిలో సెప్తానన్నారు, ఈలోగా నువ్వు పెట్టె సర్దీసినావు. నేను సెప్పబోతే నువ్వు ఇనలేదు. లాంపు రూముకి ఎల్లి వచ్చి, సెప్పినానే, ఆడు ఇనుకోలేదు అన్నారు. మరి నీకు సెప్పొద్దన్నారు, ఆడి కోపం నా మీదే ఉండనీ, అక్క మీద ఒద్దు అన్నారు. ఆయన పోయినాక సెప్దామనుకున్నాను, నా నోరు రాలేదు. తప్పు నాదే. ఒకటి అడుగుతాను, కోప్పడకు. ఆ పెట్టిలో ఏటి ఇనిపించీది రా? రేపు పెడతానన్నావు."